108 మిల్లీమీటర్ల నోరు

నా నోటి వెడల్పు 108 మిల్లీమీటర్లు. ఒక్క మిల్లీమీటరు అటూ ఇటూ అయితే నన్ను పక్కన పారేస్తారు. అష్టోత్తరంతో సరిపోయిందని మీరు మురిసిపోనక్కర్లేదు, ఆ కొలత పెట్టింది స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ పెద్దలు. నాలుగుంబావు అంగుళాలని 1891లో వాళ్ళు ఖాయం చేసేదాకా గోల్ఫ్ గుంట కొలత ఊరికో తీరుగా ఉండేది. మా వంశంలో మొదటిదిగా చెప్పుకునే పనిముట్టు 1829లో మసెల్‌బరా అనే ఊళ్ళో పనికి దిగింది. అదే ఏడు కలకత్తాలో గోల్ఫ్ క్లబ్బు పెట్టారు. బ్రిటిష్ దీవులు దాటితే అంతకు పాత క్లబ్బు ఇంకోటి లేదు.

నన్ను హోల్ కట్టర్ అంటారు. గోల్ఫ్ కోర్సులో జెండా నిలబెట్టే గుంటను కోసేది నేనే. ఒక ఉక్కు గొట్టం, దాని కింది అంచుకు కత్తి పదును, పైన రెండు చేతులా పట్టుకునే అడ్డ పిడి, ఇంతే నా ఒళ్ళు. ప్రస్తుతం ముదినేపల్లిలో ఒక పెంకుటింటి వసారాలో, వలల మూట పక్కన ఉంటున్నాను. ముదినేపల్లికీ గోల్ఫ్‌కీ ఏం సంబంధమంటే, ఏమీ లేదు. గుడివాడ నుంచి కైకలూరు వెళ్ళే దారిలో ఎటు చూసినా వరిచేలూ చేపల చెరువులూను. ఇక్కడ బంతి కొడితే నీళ్ళలోనే పడాలి. ఉన్న సంబంధమల్లా మా ముసలాయనే.

ఆయన చెరువు గట్లు వేసే మనిషి. కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో ఐదో కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లు కొట్టేశారు. గట్లు కొట్టేసే కాలంలో గట్లు వేసేవాడికి పనేముంటుంది? విశాఖలో బావమరిది ఉంటే అక్కడికి చేరి, గోల్ఫ్ కోర్సులో మాలీగా కుదిరాడు. ఆ ఊరికి ఈ ఆట కొత్త కాదు. అక్కడి ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్బు 1884 నాటిది. మేం పనిచేసిన కోర్సు ఏదో మాత్రం చెప్పను. పని మానేశాక యజమాని ఇంటి సంగతులు వీధిలో పెట్టడం మా ఇద్దరికీ అలవాటు లేదు.

చేరిన కొత్తలో ఆయన్ని గ్రీన్ మీదికి తీసుకెళ్ళారు. గ్రీన్ అంటే జెండా చుట్టూ ఉండే నున్నటి పచ్చిక. నాలుగు మిల్లీమీటర్ల ఎత్తున కత్తిరిస్తారు. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని ఒక పోగు తెంపి, కణుపు చూసి, "ఇది గరికేనండీ" అన్నాడు. సూపర్‌వైజరు అవునన్నాడు. "మా ఊళ్ళో దీన్ని చంపడానికి కూలిస్తారండీ. ఇక్కడ బతికించడానికి ఇత్తారా?"

గరికే. వరిగట్టు మీద పుడితే పారతో పెకలించి ఎండలో పడేసినా, ఒక్క వాన చాలు, మళ్ళీ లేచి కూర్చుంటుంది. వినాయక చవితి నాడు తప్ప దాని మొహం చూసే రైతు లేడు. గోల్ఫ్ గ్రీన్ల మీద పెంచేది దాని సంకర సంతానం. అమెరికాలో జార్జియా రాష్ట్రం టిఫ్టన్‌లో గ్లెన్ బర్టన్ అనే శాస్త్రవేత్త మామూలు గరికనూ ఆఫ్రికా గరికనూ కలిపి 1956లో టిఫ్‌గ్రీన్ అనే రకం ఇచ్చాడు. దాన్నుంచి పుట్టిన పొట్టి రకం టిఫ్‌డ్వార్ఫ్ 1965లో వచ్చింది. ఇదే బర్టన్ తయారుచేసిన టిఫ్ట్ 23ఎ అనే సజ్జ వంగడాన్ని తల్లిగా పెట్టుకుని మన దేశపు మొదటి హైబ్రిడ్ సజ్జ హెచ్‌బి-1 కూడా 1965లోనే విడుదలైంది. బీదవాడి సంకటికీ పెద్దమనుషుల ఆటకీ ఒకే మనిషి విత్తనం కలిపాడన్నమాట. క్లబ్బు బార్‌లో గంటలకొద్దీ గోల్ఫ్ కబుర్లు విన్న నాకు ఈ ముక్క ఒక్కరి నోటా వినబడలేదు.

మా పని తెల్లవారుజామున మొదలు. పొడవాటి వెదురుబద్దతో ముందు గడ్డి మీది మంచు రాలగొడతారు. తడి ఆరకపోతే తెగులు పడుతుంది. తర్వాత గడ్డి కోసే మోవర్, ఆ తర్వాత నేను. నన్ను నిటారుగా నిలబెట్టి, పిడి పట్టి తిప్పుతూ దింపుతాడు. నేను వంకరగా దిగితే గుంట వంకర, జెండా వంకర, సాయంత్రం దాకా ముసలాయనకు చీవాట్లు. పైకి లాగితే గడ్డితో సహా మట్టిదిమ్మ ఒకటి నా కడుపులో వస్తుంది. దాన్ని తీసుకెళ్ళి నిన్నటి గుంటలో దింపాలి. పనితనమంతా అక్కడ. దిమ్మ వెంట్రుకవాసి ఎత్తుగా ఉన్నా రేపు మోవర్ దాని నెత్తి గొరిగేస్తుంది. పల్లంగా ఉంటే బంతి అక్కడ తుళ్ళి దారి తప్పుతుంది. ఆయన అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని తడుముతాడు. నచ్చకపోతే దిమ్మ ఎత్తి అడుగున గుప్పెడు ఇసక వేస్తాడు, లేదంటే అడుగు గీకేస్తాడు. చివరన చెంబుడు నీళ్ళు. కొత్త గుంటలో కప్పు దింపి, దాని అంచు గడ్డికి అంగుళం లోపల ఉందో లేదో చూపుడువేలితో కొలుస్తాడు. ఇలా పద్దెనిమిది గ్రీన్లు, సభ్యులు వచ్చేలోగా.

ఇక ఆ సీజను సంగతి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి విశాఖలో చెట్లను ఎలా కూల్చిందో మీకు నేను చెప్పాలా? మరుసటి ఏడు వానాకాలంలో మా కోర్సును బాగుచేయడానికి కమిటీ నడుం కట్టింది. సభ్యులకు చెట్ల మీద బెంగ. ఎక్కడివక్కడ మళ్ళీ నాటాలన్నారు. ముసలాయన మాత్రం వేరే సంగతి కనిపెట్టాడు. పెద్ద నిద్రగన్నేరు నీడలో ఎప్పుడూ పలచబడి బోడిగా ఉండే గ్రీన్ ఒకటుండేది. చెట్టు పోయాక దాని మీద గరిక ఎవరూ ఏమీ చేయకుండానే చిక్కబడింది. గరికకు ఎండే తిండి. "నీడ మనుషులకి పెట్టండి, గడ్డికి వద్దండి" అన్నాడు. మొక్కల్ని గ్రీన్లకు దూరంగా, జనం నడిచే దారి పక్కన నాటారు. సూపర్‌వైజరు ముందునుంచీ అనుకుంటున్నది కూడా అదేనట. అలా అని తర్వాత అన్నాడు.

అసలు పేచీ పల్లపు గ్రీన్‌తో. వాన పడితే రెండు రోజులు నీళ్ళు నిలిచేవి. ఆరాక కూడా గడ్డి పసుపుపచ్చగానే ఉండేది. మట్టి పోసి ఎత్తు చేద్దామని కొందరు, ఎరువు చాలలేదని కొందరు. ముసలాయన ఏమీ అనకుండా నన్ను తెచ్చి దాని నడిబొడ్డున దింపాడు. మామూలుగా కోసే లోతు కాదు, పిడి గడ్డికి తగిలేదాకా. దిమ్మను బయటికి తీసి, జేబులో చాకుతో నిలువునా చీల్చాడు. పైన పచ్చిక, దాని కింద పాత వేళ్ళు పీచులా పేరుకున్న పొర, ఆ కింద రెండు వేళ్ళ మందాన నల్లటి జిగట. వేళ్ళన్నీ ఆ నలుపు తగిలిన చోటే ఆగిపోయాయి. ఆయన ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి కమిటీ పెద్దాయనకు అందించాడు. ఆయన మొహం చిట్లించి, "కుళ్ళిన గుడ్డు కంపేమిటయ్యా?" అన్నాడు.

"చెరువు అడుగు వాసనండీ. మేత కుళ్ళి, గాలాడక, అడుగు నల్లబడితే ఇదే కంపు. చేప తేలిపోద్ది. ఇక్కడ గడ్డి పోతంది, అంతే తేడా."

కొల్లేటి చుట్టుపక్కల చేపల రైతుకు ఈ వాసన తెలియకపోతే బతుకు లేదు. గాలి అందని బురదలో పుట్టే వాయువు అది. చెరువులో అయితే పట్టుబడి కాగానే నీళ్ళు తోడేసి, అడుగు బీటలు వారేదాకా ఎండబెడతారు. గ్రీన్‌ను ఎండబెట్టలేం. కాబట్టి నీళ్ళకు దారి చూపించాలి. అమెరికా గోల్ఫ్ సంఘం 1960లో చెప్పిన పద్ధతి ఇదే: అడుగున చిల్లుల గొట్టాలు, వాటి మీద నాలుగంగుళాల కంకర, ఆ పైన పన్నెండంగుళాల ఇసక పాలు ఎక్కువున్న మట్టి. నీళ్ళను ఆపడమే పనిగా బతికిన మనిషి నీళ్ళను వదిలే పనికి దిగాడు. గొట్టాల వాలు ఆయనే చూశాడు. పరికరాలతో లెవెల్ కొట్టిన కుర్రాడొకడు ఉన్నాడు గానీ, బకెట్ నీళ్ళు పోసి అవి ఎటు పోతాయో చూసేదాకా మా ముసలాయన మట్టి కప్పనివ్వలేదు.

మిగతా గ్రీన్లకు చిల్లులు పొడిచారు. యంత్రం వరసగా వేలెడు లావు మట్టి కడ్డీలను పెకలించి పైన పారేస్తుంది. వాటిని ఏరి, ఇసక జల్లి, గోనెపట్టా ఈడ్చి చిల్లులు నింపాలి. చెరువుల్లో చేపకు ఊపిరి అందించే ఏరేటర్లు చూసినవాడు కాబట్టి వేరుకూ ఊపిరి కావాలంటే ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. ఒప్పుకోనిది సభ్యులే. మశూచి మొహంలా తయారైన గ్రీన్ల మీద బంతి కొట్టి ఒక్కొక్కరూ తిట్టిన తిట్లు నేను తిరిగి చెప్పను. మా శ్రీకాకుళం కుర్రాడు కూడా "ఏటి బాబాయ్, బాగున్న గెడ్డిని పాడు సేత్తన్నాం?" అని గునిశాడు. శ్రావణం వానలకు గరిక పాకింది. వినాయక చవితి నాటికి చిల్లులు వెతికినా కనబడలేదు. తిట్టినవాళ్ళెవరూ తిట్లు వాపసు తీసుకోలేదు లెండి.

దసరా వెళ్ళాక పోటీలు. ఈ ఆటలో నాకు నచ్చే ఏర్పాటు హ్యాండికాప్. ఆట బాగా వచ్చినవాడు అంతగా రానివాడికి కొన్ని దెబ్బలు ముందే వదిలేస్తాడు. దానితో పెన్షను తీసుకునే పెద్దాయన ఇరవయ్యేళ్ళ కుర్రాణ్ణి ఓడించవచ్చు. స్టేబుల్‌ఫోర్డ్ పద్ధతి ఇంకా దయగలది. ఫ్రాంక్ స్టేబుల్‌ఫోర్డ్ అనే డాక్టరు పెట్టిన లెక్క అది. ఒక గుంట దగ్గర పూర్తిగా చెడితే అక్కడ సున్నా వేసుకుని ముందుకు పోవచ్చు, ఆట మొత్తం మునగదు. నెలవారీ మెడల్ పోటీకి ఆ దయ లేదు, కొట్టిన ప్రతి దెబ్బా లెక్కే. అందుకే మెడల్ ఆదివారం నాడు నా మీద పడే నిందలు ఎక్కువ. "గుంట అక్కడ పెట్టమని ఎవడు చెప్పాడయ్యా?" అని అడగని సభ్యుడు లేడు. గెలిచినవాడు ఒక్కడే అడగడు. నిజానికి ఇందులో మా ఇష్టారాజ్యం ఏమీ లేదు. ముందువైపు కొన్ని, నడుమ కొన్ని, వెనక కొన్ని అని కాగితం వస్తుంది. వాలు మీద కోయకూడదు, అంచుకు మరీ దగ్గర కోయకూడదు. అయితే కాగితం చెప్పిన చోట అడుగు అటా ఇటా అన్నది మాత్రం ముసలాయన చేతిలో ఉండేది. ఆ ఒక్క అడుగులోనే కొంటెతనమంతా.

దాన్ని ఆయన పూర్తిగా వాడింది క్యాడీల పోటీ రోజున. సోమవారం సభ్యులు రారు. ఆ రోజు బ్యాగులు మోసే కుర్రాళ్ళు ఆడారు. ఆయన గుంటలన్నీ కష్టమైన చోట్ల కోశాడు. ఎందుకంటే, "వీళ్ళకి ఆట వచ్చు" అన్నాడు. ఆ మాటలో అతి లేదు. కలకత్తా క్లబ్బులో గ్రీన్లు చూసుకునే మాలీ కొడుకు ఎస్.ఎస్.పి. చౌరాసియా 2016లోనూ 2017లోనూ ఇండియన్ ఓపెన్ గెలిచాడు.

క్లబ్ ఛాంపియన్‌షిప్ ఆఖరి రోజుకు ముందు రాత్రి కుండపోత వాన. పొద్దున్నే గొడుగులతో వచ్చిన కమిటీ నేరుగా పల్లపు గ్రీన్ దగ్గరికే వెళ్ళింది. ఆట వాయిదా వేద్దామని ముందే అనుకున్నట్టున్నారు. గ్రీన్ మీద నీళ్ళు లేవు. పక్క బోదెలో గొట్టం మూతి నుంచి ధారగా పోతున్నాయి. ముసలాయన నన్ను దింపి తీస్తే దిమ్మ తెల్లటి ఇసకతో, పొడవాటి తెల్లటి వేళ్ళతో వచ్చింది. దాన్ని కూడా వాసన చూసి, ఈసారి ఎవరికీ ఇవ్వకుండా పాత గుంటలో దింపేశాడు. ఆట సమయానికే మొదలైంది. గెలిచింది ఎవరో నాకు గుర్తు లేదు, మొదటి బంతి పడేలోగా మేం షెడ్డుకు వచ్చేశాం.

తర్వాత కొన్నాళ్ళకు కాలితో తొక్కి దింపే కొత్త కట్టర్ వచ్చింది. సానపట్టీ పట్టీ నా అంచు అరిగిపోయింది, కొలత దక్కలేదు. ముసలాయన ఊరికి వచ్చేస్తూ పాత ఇనుము ధర కట్టి నన్ను తెచ్చుకున్నాడు. 2022 ఏప్రిల్ 4న ముదినేపల్లి కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాకు మారిందిగానీ మా పని మారలేదు. నీటికాకులు చేపపిల్లల్ని ఎత్తుకుపోకుండా చెరువు మీద వల కడతారు, ఆ కర్రలకు గట్టు మీద గుంటలు తీస్తాను. పట్టుబడి అయ్యాక చెరువు అడుగున దిగి ఎంత మందాన నల్లబడిందో చూపిస్తాను. ఇక్కడ నా కొలత ఎవరూ అడగరు.

మీలో గోల్ఫ్ ఆడేవాళ్ళుంటే ఒక్క మాట. 2019 నుంచి గ్రీన్ మీద కూడా జెండా తీయకుండానే బంతిని గుంటలోకి కొట్టవచ్చని నియమం మారింది. మంచిదే. కాని బంతి పడ్డాక దాన్ని జెండా కర్రతో పాటు పైకి గుంజకండి, పట్టర్ తలతో గోకి తీయకండి. గుంట అంచు విరుగుతుంది, మీ వెనక వచ్చేవాళ్ళ బంతి పక్కకు పోతుంది, తిట్లు మాలీ తింటాడు. వంగి, చేత్తో తీయండి.