కూతపెట్టె

నాలో ట్రాన్సిస్టర్ లేదు, ఐసీ లేదు, బ్యాటరీ లేదు. నాలుగు జాక్‌లు, రెండు కాలి స్విచ్‌లు, నాబ్‌లా తిప్పే ఒక పాట్, ఒక ఎర్ర ఎల్ఈడీ, దానికో రెసిస్టర్, అడాప్టర్ సాకెట్టు, వాటిని కలిపే వైర్లు. ఇంతే నా ఒళ్లు. అయినా నన్ను గిటారుకీ ఆంప్‌కీ మధ్య పెట్టి కాలితో నొక్కితే వీధి చివరిదాకా వినపడే కూత వస్తుంది. ఆ గొంతు నాది కాదు, గిటారు శబ్దాన్ని మార్చడానికి నాకు తగిలించిన పెడల్‌ది. దాని గొంతు దానికే వినిపించడం నా పని. నన్ను ఫీడ్‌బ్యాక్ లూప్ అంటారు.

నేను పుట్టింది హైదరాబాదు చిక్కడపల్లిలో, ఒక మేడమీది గదిలో. నన్ను కట్టిన పిల్లని వాళ్ల మావయ్య ‘అమ్మాయ్’ అని పిలుస్తాడు, నేనూ అలాగే అంటాను. జాక్‌లు, 100కె లీనియర్ పాట్, ఎల్ఈడీ, దానికి 4.7కె రెసిస్టర్ కోఠీ గుజరాతీ గల్లీలో కొన్నది. తొమ్మిది కాళ్ల త్రీపీడీటీ స్విచ్చి, అల్యూమినియం పెట్టె మాత్రం ఆన్‌లైన్లో తెప్పించింది. పెట్టెకి బెజ్జాలు వేసింది మావయ్య. సెంటర్ పంచ్‌తో గుర్తు కొట్టి, సన్న బిట్‌తో మొదలుపెట్టి, స్విచ్చి పట్టేలా 12 మిల్లీమీటర్లదాకా పెంచుకుంటూ పోయాడు. ఆయన భీమవరంలో చాలా ఏళ్లు మైకుసెట్టు నడిపినవాడు. శ్రీరామనవమి పందిళ్లు, పెళ్లిళ్లు, ఎన్నికల మీటింగులు అన్నీ చూశాడు. మైకు కూయకుండా చూసుకోవడమే ఆయన వృత్తిలో సగం. అలాంటి మనిషి కూత కోసమే తయారవుతున్న పెట్టెకి బెజ్జాలు వేయడం నాకు ఇప్పటికీ గొప్పగా అనిపిస్తుంది.

నా లోపలి దారి చెబుతాను వినండి. గిటారు సిగ్నల్ నా ఇన్‌పుట్‌లోకి వచ్చి, సెండ్ జాక్ నుంచి బయటికి వెళ్లి, పెడల్‌లో దూరి, రిటర్న్ జాక్‌లోకి తిరిగొచ్చి, అవుట్‌పుట్ నుంచి ఆంప్‌కి పోతుంది. త్రీపీడీటీ ఆపేస్తే ఈ తిప్పలేం ఉండవు, ఇన్‌పుట్ నేరుగా అవుట్‌పుట్‌కి కలిసిపోతుంది. రెండో స్విచ్చి నొక్కినంతసేపే పనిచేసే రకం. దాన్ని నొక్కితే రిటర్న్ దగ్గర సిగ్నల్ చీలుతుంది. ఒక పాయ ఆంప్‌కి వెళ్తుంది. ఇంకోటి పాట్ గుండా వెనక్కి నడిచి సెండ్‌లో కలుస్తుంది. పెడల్ దాన్ని మళ్లీ పెంచుతుంది, పెంచింది మళ్లీ వెనక్కొస్తుంది. తొమ్మిది వోల్టుల అడాప్టర్ ఎల్ఈడీ వెలగడానికే, పీకేసినా శబ్దానికి లోటుండదు.

ఒక చుట్టు తిరిగేసరికి సిగ్నల్ బలం తగ్గితే ఏమీ కాదు. తగ్గకుండా, బయల్దేరిన ఫేజ్‌లోనే తిరిగొస్తే ఇక ఆగదు. జర్మన్ భౌతికశాస్త్రవేత్త హైన్‌రిఖ్ బార్క్‌హౌజెన్ పేరుమీద ఉన్న నియమం ఇదే. తీగ మీటక్కర్లేదు, ఏ పెడల్‌లోనైనా ఉండే సన్నటి బుస చాలు. అదే పెరిగి పెరిగి, పెడల్ ఇక పెంచలేని చోట అంచులు తెగి నిలబడుతుంది. అప్పుడు మీకు వినపడేది పెడల్ అసలు స్వభావం.

మొదటిరోజు అమ్మాయి ఒక ట్రాన్సిస్టర్ బూస్టర్ తగిలించింది. కూత రాకపోగా గిటారు శబ్దం కూడా నీరసపడింది. మావయ్య మంచం మీద నుంచే విని అన్నాడు. “రెండు స్పీకర్లలో ఒకదానికి ప్లస్సూ మైనస్సూ తారుమారైతే బేసు చచ్చిపోద్ది చూడు, ఆ బాపతులా ఉందే అమ్మాయ్. ఇంకో బూస్టరుంటే తగిలించి చూడు.”

ఆయన మాట నిజం. ఒకే ట్రాన్సిస్టర్‌తో కట్టిన మామూలు బూస్టర్ తరంగాన్ని తలకిందులు చేసి పంపుతుంది. వెనక్కొచ్చింది ముందున్నదాన్ని పెంచడానికి బదులు కొట్టేస్తుంది. రెండో బూస్టర్ చేరితే తలకిందులైంది మళ్లీ నిటారవుతుంది. అమ్మాయి అలాగే చేసి కాలు పెట్టింది. మావయ్య గబుక్కున లేచొచ్చి ఆంప్ వాల్యూమ్ మీద చెయ్యి వేశాడు. అలవాటు మరి. అమ్మాయి ఆయన చెయ్యి పట్టుకుని, “ఉండు మావయ్యా, దాన్ని పలకనీ” అంది.

ఈ విద్య నాకంటే చాలా పాతది. 1912లో అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయ విద్యార్థి ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ రేడియో వాల్వు అవుట్‌పుట్‌లో కొంత తిరిగి దాని ఇన్‌పుట్‌కే ఇచ్చి, బలహీనమైన సిగ్నల్‌ని ఎన్నో రెట్లు పెంచాడు. హద్దు దాటిస్తే ఆ వాల్వే సొంతంగా డోలనాలు పుట్టిస్తుందని గమనించాడు. 1964లో బీటిల్స్ ‘ఐ ఫీల్ ఫైన్’ పాటని గిటారు ఫీడ్‌బ్యాక్‌తోనే మొదలుపెట్టారు. 1968లో స్టీవ్ రైక్ స్పీకర్ల మీదుగా మైకుల్ని ఊయలలా ఊపి, ఆ కూతల్నే ‘పెండ్యులమ్ మ్యూజిక్’ అన్నాడు. అమ్మాయి ఇది చెప్పినప్పుడు మావయ్య చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “ఎన్ని మైకులు?” అని అడిగాడు.

వాళ్ల కూతకీ నా కూతకీ ఒక తేడా ఉంది. మైకు కూత గాలిలోంచి నడుస్తుంది. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లే పోతుంది కాబట్టి మైకుకీ స్పీకరుకీ ఉన్న దూరం మారితే శ్రుతి మారుతుంది. నాలో దారంతా వైరే, ఆ ఆలస్యం లేదు. శ్రుతిని నిర్ణయించేది పెడల్‌లోని కెపాసిటర్లు, ఫిల్టర్లు. అందుకే నాకు వావా పెడల్ అంటే ప్రాణం. అది ఏ పౌనఃపున్యాన్ని ఎత్తి చూపితే లూప్ దాన్నే పట్టుకుంటుంది, పాదం కదిలిన కొద్దీ కూత పైకీ కిందికీ జారుతుంది. డిలే పెడల్‌తో నా అవసరం తక్కువ, దాని రిపీట్స్ నాబ్ చేసేది నా పనే.

గిటారు వాల్యూమ్ నాబ్ కూడా నా చేతిలో మనిషే. గిటారు నేరుగా నా సెండ్‌కి కలిసి ఉంటుంది కదా, దాన్ని తగ్గించేకొద్దీ కూత తీరు మారుతుంది. మామూలు వైరింగ్ ఉన్న గిటారైతే సున్నా దగ్గర ఆ బిందువు గ్రౌండ్ అయిపోతుంది, కూత ఆగిపోతుంది. అలా చిటికెనవేలితో కూతని తుంచుతూ అమ్మాయి తాళం వేయడం నేర్చుకుంది.

ఈక్వలైజర్‌ని లూప్‌లో పెట్టమన్నది మావయ్యే. పందిట్లో మైకు కూస్తే బేసా, ట్రెబులా అని చెవితో పట్టి ఆ నాబ్ తగ్గించిన మనిషి ఆయన. ఇప్పుడు అదే చెవితో, ఏ నాబ్ పెంచితే ఏ స్వరం నిలబడుతుందో అమ్మాయికి చెబుతాడు. తగ్గించడానికి నేర్చిన విద్య పెంచడానికీ అంతే పనికొస్తుంది. గిటారు వాయించడం రాని మనిషి, ఆ గదిలో నన్ను ఆయనకంటే బాగా ఎరిగినవాళ్లు లేరు.

నాలాంటిదాన్ని కట్టుకోవాలంటే సోల్డరింగ్ ఐరనూ, ఒక సాయంత్రమూ చాలు. కట్టాక మాత్రం ఒక్క మాట వినండి. కొత్త పెడల్ తగిలించిన ప్రతిసారీ ముందు ఆంప్ వాల్యూమ్ బాగా తగ్గించండి. పాట్‌ని ఫీడ్‌బ్యాక్ తక్కువుండే వైపుకి తిప్పాకే కాలు వేయండి. హెడ్‌ఫోన్లు పెట్టుకుని నన్ను ఎప్పుడూ నొక్కకండి. కూత ఒక్కసారిగా లేస్తుంది, ట్వీటర్ కాలితే ఇంకోటి కొనుక్కోవచ్చు, చెవులు కొనుక్కోలేరు.