రెండవ కుర్చీ

“పెద్దవారు రోజంతయు టీవీ ముందే కూర్చుండి కాలమును వ్యర్థపుచ్చుచున్నారు” అని వాపోవు పుత్రరత్నములు, ఆ మాటను సైతము చేతిలోని ఫోనునుండి కన్నెత్తకయే పలుకుదురు గనుక, ఆ పెద్దలు టీవీచేత ఏయే కొలువులు చేయించుకొనుచున్నారో విచారించు తీరిక వారికి ఎన్నడును చిక్కలేదు.

ప్రాతఃకాలమున అది పంచాంగమై తిథివారనక్షత్రములను, రాశిఫలములను చదివి వినిపించును. మధ్యాహ్నమున దేవాలయమగును, శ్రీ వేంకటేశ్వర భక్తి ఛానలులో శ్రీవారి కల్యాణము జరుగుచుండగా బామ్మగారు అక్షతలు చేతబట్టి కూర్చుందురు. సాయంకాలమున ఫలానా సీరియలు పాట వినవచ్చినదనగా బీపీ మాత్ర వేళయైనదని అర్థము. రాత్రి వార్తల చర్చయందు నలుగురు వక్తలు ఒక్కమారే అరచుచుండగా, పడకకుర్చీనుండి తాతగారు ఐదవ వక్తయై ముఖ్యమంత్రులకు హితోపదేశము గావించి, ఆ ఉపదేశమధ్యముననే నిద్రాపరవశులై, ఎవరేని దయదలచి టీవీ కట్టివేసిన తక్షణమే “చూస్తున్నాను కదరా, ఎందుకు కట్టేశావు?” అని మేల్కొందురు.

హైదరాబాదున దూరదర్శన్ కేంద్రము వెలసిన 1977 నాటికి టీవీ గల యిల్లు అరుదు. 1987లో రామానంద్ సాగర్ రామాయణము మొదలైన పిమ్మట ఆదివారపు ఉదయములందు, టీవీ గల యింటికి ఇరుగుపొరుగెల్ల తరలివచ్చి, చాపలు చాలక గడపలపై కూర్చుండియు, కిటికీ చువ్వలు పట్టుకొనియు తిలకించిరి. నేడు గదికొక టీవీ కలదు. దాని యెదుట మనిషి మాత్రము ఒక్కరే. 2020లో లాక్‌డౌను వేళ ఆ రామాయణమే పునఃప్రసారమగుటయు, పుత్రులు గత్యంతరము లేక ఇంట పడియుండుటయు ఏకకాలమున సంభవించి, తండ్రి ప్రక్కన కొడుకు కూర్చుండు అపూర్వ దృశ్యము కానవచ్చెను. ఆ మాత్రపు భాగ్యమునకు ఒక మహమ్మారి కావలసివచ్చెను!

తండ్రికి వినికిడి తగ్గినదని తెలియగనే, చెవివైద్యునికి చూపుటకు మారుగా తెర వెడల్పును పెంచుట నేటి పితృభక్తి. అంతట 55 అంగుళముల స్మార్టు టీవీ గృహప్రవేశము చేయును. రిమోటుపై వేలు పొరపాటున ఒక మీటకు తగిలినంతనే కల్యాణము అంతర్ధానమై, “నో సిగ్నల్” అను అక్షరములు ప్రత్యక్షమగును. మనుమడు కాలేజీనుండి వచ్చువరకు బామ్మగారికి అదియే దైవదర్శనము.

నిజమునకు, ఆ యింట పెద్దలను వేళ తప్పక పలుకరించునది టీవీ యొక్కటియే. సీరియలులోని అత్త దుర్మార్గురాలే కావచ్చును; అయినను సోమవారమునుండి శనివారమువరకు చెప్పిన గంటకు వచ్చును. అమెరికానుండి అబ్బాయి ఫోను అట్లు రాదు.

కావున కుమారులారా, ఈ పండుగకు మరియొక పెద్ద తెరను కొనదలచినచో, ఆ సొమ్ములో కొంత మిగిల్చి దాని యెదుట రెండవ కుర్చీ నొకదానిని వేయింపుడు. వేయించి, అందులో మీరే కూర్చుండుడు.