ప్రవర బాబు

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఏ కాలేజీ వాళ్లు క్విజ్ పోటీ పెట్టినా ప్రవర బాబు ఒకడు తగలక మానడు. రాజాంలో పెడితే రాజాంలో, ఎచ్చెర్లలో పెడితే ఎచ్చెర్లలో. గుర్తుపట్టడం తేలిక. పేర్లు నమోదు చేసుకునే బల్ల దగ్గర వరస కదలడం లేదంటే ముందు నిలబడ్డవాడు వాడే. ఫారంలో పేరుకిచ్చిన గళ్లు అయిపోతాయి గానీ పేరు అవదు. మిగిలింది కిందనున్న ఫోన్ నంబరు గళ్లలోకి దిగుతుంది. ఫోన్ నంబరు అడిగితే, "పేరు తెలిశాక నంబరెందుకండీ" అంటాడు.

పేరు ఇంచుమించు ఈ చాయలో ఉంటుంది: ఇంటిపేరు, దాని వెనక శ్రీ విజయానంద గజపతి భూపాల వర్ధన్. ఇంటిపేరుని ఒక్క పొడక్షరం చేసుకుని మనమంతా కాలక్షేపం చేస్తున్నాం కదా, వాడలా ఒప్పుకోడు. ప్రతి అక్షరమూ పలకాలి. వేదిక మీద ముగ్గురికీ కలిపి ఒక బల్ల వేస్తే, మూడొంతుల్లో రెండొంతులు వాడి నేమ్ బోర్డుకే సరి. మిగతా ఇద్దరు అప్పలనాయుడు, కూర్మారావు. కూర్మారావు తన బోర్డుని ఒళ్లో పెట్టుకు కూర్చుంటాడు.

ఈ తెగులు వాడికి ఇంగ్లండు నుంచి అంటింది. అక్కడ 1962లో మొదలైన 'యూనివర్సిటీ ఛాలెంజ్' అనే టీవీ క్విజ్‌లో, ఎవరైనా బజర్ నొక్కగానే ఓ గొంతు కాలేజీ పేరు, ఆ వెంటనే ఇంటిపేరు కేకేస్తుంది. రెండు ఇంటిపేర్లని అడ్డగీత పెట్టి కలుపుకున్న దొరబిడ్డ ఎవడైనా తగిలితే చూసేవాళ్లకి అదో వేడుక. ప్రవర బాబు దాన్ని యూట్యూబ్‌లో చూశాడు. చూసి, తను నొక్కినప్పుడు కూడా పూర్తి పేరు చదవాలని నిర్వాహకుల్ని ఒప్పించాడు. చదవాల్సింది యాంకరింగ్ చేస్తున్న సెకండియర్ అమ్మాయి. పాపం, ఆ పిల్ల ఊపిరి తీసుకుని 'భూపాల' దాకా వచ్చేసరికి జవాబుకిచ్చిన పది సెకన్లూ అయిపోతాయి. వాడికి జవాబు తెలుసో తెలీదో ఇంతవరకు ఎవరికీ అంతుబట్టలేదు. వాడికది లాభమే.

వాణ్ణి మాత్రం ఏమనగలం? పుట్టిపెరిగిన నేల అలాంటిది. విజయనగరం కోటకి పునాది పడింది 1713లో. అది విజయ నామ సంవత్సరం. రోజు విజయదశమి. వేయించినవారు పూసపాటి విజయరామరాజు. ఇన్ని విజయాల ఊళ్లో పేరుకో విజయ తగిలించుకోవడం వింతేం కాదు. పక్కనే బొబ్బిలి. 1930లలో మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రధానమంత్రిగా చేసిన బొబ్బిలి రాజా పేరు రావు శ్వేతాచలపతి రామకృష్ణ రంగారావు. అటు పర్లాకిమిడి వెళ్తే కృష్ణచంద్ర గజపతి నారాయణ దేవ్. ఇలాంటి పేర్లే చూస్తూ పెరిగినవాడికి, పేరన్నాక శిలాఫలకం నిండాలన్న పట్టుదల రావడం సహజం.

వాడు గమనించనిది ఒకటుంది. ఆ ఫలకాల మీది పేర్లని జనం ఎప్పుడూ పూర్తిగా పలకలేదు. చింతలవలసలో మహారాజ్ విజయరామ గజపతి రాజ్ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. ఆటో ఎక్కి ఆ పేరు మొత్తం చెప్పి చూడండి, డ్రైవరు మీ వంక అనుమానంగా చూస్తాడు. 'ఎంవీజీఆర్' అంటే చాలు, బండి కదుల్తుంది. విజయనగరం మహారాజకుమార్ సర్ విజయానంద గజపతిరాజు 1936లో భారత క్రికెట్ జట్టుకి కెప్టెన్‌గా ఇంగ్లండు వెళ్లారు. మూడు టెస్టుల్లోనూ కలిపి ఆయన కొట్టింది 33 పరుగులు. ఆ లెక్కకి ఇంత పేరు ఎక్కువనుకున్నారో ఏమో, లోకం ఆయన్ని 'విజ్జీ' అని ఊరుకుంది. యూనివర్సిటీ జట్లు ఆడే ట్రోఫీకి కూడా ఆ రెండక్షరాలే పెట్టారు.

ఆ కెప్టెన్ ఎవరన్న ప్రశ్న క్విజ్‌లో రాకుండా ఉంటుందా? వచ్చింది. ప్రవర బాబు బజర్ నొక్కాడు. ఆ పూట యాంకరమ్మాయి వాడి పేరు ఒక్క గుక్కలో చదివేసింది. వాడు లేచి నిలబడి, గొంతు సవరించుకుని, "లెఫ్టినెంట్ కర్నల్ సర్ పూసపాటి..." అని అందుకున్నాడు. గంట మోగింది. పక్క బల్లవాడు కూర్చున్నచోటి నుంచే "విజ్జీ" అన్నాడు. పది మార్కులు. ప్రవర బాబు అప్పీలు చేశాడు. అప్పీలు కాగితంలో సంతకానికే సగం పేజీ పోయింది.

అసలు గుట్టు ఇంటి దగ్గరుంది. వంశధార పక్కన ఊరు. నాన్నమ్మ వీధరుగు మీంచి, "ఓరే ముకలింగం, బువ్వ తిన్నావేటిరా?" అని కేకేస్తే వాడు పలకడు. అది వాళ్ల తాత పేరు. పదో తరగతి మార్కుల జాబితాలో వాడి పేరూ అదే. ఇంటర్‌కి విశాఖ హాస్టల్లో దిగిన రోజున ఎవడో ఫక్కున నవ్వాడట, ఆ రాత్రే వాడికి పట్టాభిషేకం జరిగింది. అప్పలనాయుడి పేరు విని కూడా నవ్వారు. వాడు మాత్రం, "మా సింహాచలం అప్పన్న గుడిలో కులోత్తుంగ చోళుడి కాలం నాటి శాసనం ఉంది, మీ ఇంట్లో ఏటుంది?" అన్నాడు. మళ్లీ ఎవరూ నవ్వలేదు.

ఫైనల్లో ఆఖరి ప్రశ్న. "తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం. ఆ ఊరిని ఇప్పుడేమని పిలుస్తారు?" హాల్లో చడీచప్పుడు లేదు. ప్రవర బాబు కళ్లు మూసుకుని ఆలోచిస్తున్నాడు. అప్పలనాయుడు మోచేత్తో పొడిచాడు. "నువ్వేరా! సెప్పరా!" బజర్ నొక్కమన్నాడనుకుని నొక్కాడు. యాంకరమ్మాయి పేరు చదివింది. వాడు ఠీవిగా, "కళింగపట్నం" అన్నాడు.

"కాదు," అన్నాడు క్విజ్‌ మాస్టర్. పక్క బల్లవాడు, "ముఖలింగం" అన్నాడు.

వెనక బెంచీల్లో వాడి ఊరి గుంటలు ఈలలేశారు. క్విజ్‌ మాస్టర్‌కి సంగతి తెలీక ఉత్సాహంగా వివరించాడు. కటకంలో గజపతుల వంశం గద్దెనెక్కింది 1434లో అనీ, అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందే ముఖలింగంలో గాంగులు రాజ్యం చేశారనీ, మధుకేశ్వరాలయం వాళ్ల నాటిదేననీ, అక్కడి శాసనాల్ని గిడుగు రామమూర్తి గారంతటివారు కూర్చుని చదివారనీ చెప్పాడు. ప్రవర బాబు అసలు పేరు మైకులో అన్నిసార్లు మోగడం అదే మొదలు. మార్కులు మాత్రం పక్క బల్లకి పోయాయి.

వాడిలో మార్పు రాలేదనకండి, వచ్చింది. మరుసటి నెల పోటీకి ఫారం నింపుతూ మొదటి గడిలో 'ముఖలింగం' అని రాశాడు. అప్పలనాయుడికి కళ్లు చెమర్చబోయాయి. అంతలో రెండో మాట పడింది, 'గాంగ'. తర్వాత 'కళింగాధిపతి'. ఆ తర్వాత పాత ప్రవరంతా యథాతథంగా. ఒక్క అక్షరం తీయలేదు, అన్నిటికీ ముందు ఇది తగిలించాడు.

అప్పలనాయుడు కూర్మారావు వంక చూశాడు. ఇద్దరూ తమ ఫారాలు మడిచి జేబులో పెట్టుకున్నారు.

"ఏటిరా, రారా?" అన్నాడు ప్రవర బాబు.

"మరి మావెందుకురా? టీముకి ముగ్గురు సాలు," అన్నాడు అప్పలనాయుడు. "నువ్వొక్కడివే ముగ్గురున్నావు."