17వ కుండీకి తర్పణం

(హైదరాబాదులో పక్కపక్కన రెండు మేడలు, మధ్య ఓ పిట్టగోడ. ఇవతల యాపారావు, చేతిలో ఫోను. అవతల పిన్నిగారు, చేతిలో చెంబు. ఈమధ్య మొక్కను పెంచితే చాలదట, దాని డేటానూ పెంచాలట.)

యాపారావు: పిన్నిగారూ, మా మిద్దెతోట మొత్తం డిజిటలైపోయింది. 62 కుండీలు, 62 క్యూఆర్ కోడ్‌లు! స్కాన్ చేస్తే మొక్క జాతకమంతా వచ్చేస్తుంది.

పిన్నిగారు: అయితే ఆ 17వ కుండీ జాతకం చూడు నాయనా. ఎండిపోయి వారమైనట్టుంది.

యాపారావు: (స్కాన్ చేసి) టమాటా. ఆరోగ్యం భేష్. ఇవాళ అర లీటరు నీళ్ళు పొయ్యమంటోంది.

పిన్నిగారు: చచ్చినదానికా?

యాపారావు: యాప్‌లో బతికే ఉందండీ. తీసేస్తే 90 రోజుల గ్రాఫు పోతుంది. అందుకే రోజూ పోస్తున్నా.

పిన్నిగారు: పోయినవాళ్ళకి నీళ్ళు వదలడం మనకేం కొత్త కాదులే. నువ్వులు కలుపుతున్నావా?

యాపారావు: ఎరువుల జాబితాలో నువ్వుల చెక్క ఉందండీ.

పిన్నిగారు: దర్భ కూడా చేర్చు. తిథి ఆ ఫోనే గుర్తు చేస్తుందా?

యాపారావు: ఏడాదికోసారి మోగేలా రిమైండర్ పెట్టుకోవచ్చు.

పిన్నిగారు: ఇంకేం, గారెలు నేను పంపిస్తా.

యాపారావు: మీరు నవ్వండి. మట్టిలో తేమెంతో తెలియాలంటే సెన్సరుండాలి.

పిన్నిగారు: చూపుడువేలు దేవుడెందుకిచ్చాడు? స్క్రీను తోయడానికా? రెండు కణుపుల దాకా మట్టిలో దించు. తడి తగిలిందా, నీళ్ళొద్దు. ఆకు తిరగేసి చూడు, పిండినల్లి అక్కడే కాపురం పెడుతుంది. అసలు తోటంటే...

(ఇక్కణ్ణుంచి పావుగంట ఉపన్యాసం. యాప్‌కన్నా విసుగు. వదిలేశాను.)

యాపారావు: సరే, మీ వేలు శాస్త్రీయ నామం చెబుతుందా? ఈ కరివేపాకు నిన్నటిదాకా ముర్రయా కోనిగీ. అప్‌డేటయ్యాక బెర్గెరా కోనిగీ.

పిన్నిగారు: అంత కొత్త పేరా?

యాపారావు: అంటే... 1771లో లిన్నేయస్ పెట్టిందేలెండి.

పిన్నిగారు: తాతల నాటి పేరుకి అప్‌డేటని పేరా! ఇంతకీ ఎవరీ కోనిగీ?

యాపారావు: కోనిగ్ అని ఆయన శిష్యుడు, వైద్యుడు. 1785లో మన కాకినాడ జగన్నాథపురంలోనే పోయాడు. చివరి రోజుల్లో చూసుకున్నది సామర్లకోటలో తోట వేసిన రాక్స్‌బర్గ్ దొర.

పిన్నిగారు: కాకినాడా! మా పుట్టిల్లు అటే. ఫోను లేకుండా పాపం మొక్కల లెక్కలెలా రాశాడో!

యాపారావు: కాగితాల మీదే. అవన్నీ లండన్లో వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ బ్యాంక్స్‌కి రాసిచ్చి పోయాడు.

పిన్నిగారు: నీ ఫోను ఆ నీళ్ళతొట్టిలో పడితే ఎవరికి రాసిస్తావు?

యాపారావు: (ఫోను జేబులో దాచుకుని) అది కాదండీ, యాప్ లేకపోతే కరివేపాకు జబ్బు తెలిసేదే కాదు. రోజూ ఫొటో పెడుతున్నా. రోజుకి రెండు రెబ్బలు తగ్గుతున్నాయి. గొంగళిపురుగేనని తేల్చేసింది.

పిన్నిగారు: (చెంబు చేయి మార్చుకుంటూ) ఏ వైపు కొమ్మలు?

యాపారావు: మీ గోడ వైపే. పొద్దున్నే తినేస్తోంది. అందుకే నాలుగు రోజులుగా వేపనూనె దట్టంగా కొడుతున్నా.

పిన్నిగారు: అదా సంగతి! చారు చేదుగా ఉందని మీ బాబాయిగారు నస పెడుతుంటే, రెండుసార్లు చింతపండు మార్చాను నాయనా!