అవ్వ గొంతు మోసినదాన్ని

నేను టేప్‌రికార్డర్‌ని. దుబాయి నుంచి సెలవు మీద వచ్చిన ఒక కొడుకు పెట్టెలో, కొత్త బట్టల నడుమ మల్యాల చేరాను. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెల నుంచి మొగవాళ్ళు గల్ఫ్‌కు పోతున్న కాలమది. ఉత్తరం రాయరాని తల్లులు నా ముందు కూర్చుని మాట్లాడేవాళ్ళు. ఆ క్యాసెట్లు ఊరి నుంచి పోయేవాళ్ళ చేతుల్లో ఎడారి దాటేవి.

నా పుట్టుక గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. క్యాసెట్‌ను ఫిలిప్స్ కంపెనీ 1963లో తెచ్చింది. మా ఇంటికొచ్చినవాటిలో ఒక్కో వైపు 30 నిమిషాలు పట్టేది. ఆ కాసేపట్లో ఆ కొడుకు తల్లి, మా అవ్వ, ఎంత చెప్పేదో! చాట ఒళ్ళో పెట్టుకుని, తునికాకు కత్తిరిస్తూ, "కొడుకా, పైలం బిడ్డా, ఎండల తిరగకు" అని మొదలుపెట్టేది. బర్రె ఈనిన సంగతి, చెరువు నిండిన సంగతి, కొండగట్టు అంజన్నకు మొక్కిన మొక్కు... అన్నీ చెప్పి, నడుమ బతుకమ్మ పాట ఎత్తుకునేది. ఏడుపొస్తే ఆగేది. ఆమె ఊరకున్న ఆ క్షణాలను కూడా నేను పట్టాను. నా బతుకులో గొప్ప పని అదే.

కొడుకు ఆ క్యాసెట్లను పారేయలేదు, తిరిగొస్తూ ఇంటికి తెచ్చాడు. క్యాసెట్ వెనక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలుంటాయి. అవి విరిచేస్తే దాని మీద మళ్ళీ రికార్డు కాదు. ఎవరూ విరవలేదు. అవ్వ పోయాక, మనుమడు ఆమె క్యాసెట్ పెట్టి, రెండు మీటలు కలిపి నొక్కి సినిమా పాటలు ఎక్కించాడు. పాతదాన్ని చెరిపే హెడ్ నాలోనే ఉంది. ఆ గొంతును పట్టిన నాతోనే దాన్ని చెరిపించారు. ఆ కోపం నాకింకా ఆరలేదు.

ఇలాంటి గొంతుల విలువ తెలిసినవాళ్ళూ ఉన్నారు. 1962లో స్వీడన్‌లోని ఉప్సలా నుంచి పరిశోధకులు టేపు యంత్రాలతో అమెరికా వెళ్ళి, అక్కడ స్థిరపడ్డ తమవాళ్ళ ముసలి గొంతులను రికార్డు చేసుకొచ్చారు. వాళ్ళు సముద్రం దాటి వెతికిన సొమ్ము మనకు ఇంట్లోనే ఉండేది.

ఇప్పుడు అటక మీద ఉన్నాను. బెల్టు సాగిపోయింది, హెడ్‌కు దుమ్ము పట్టింది. పక్కనున్న డబ్బాలో అవ్వ మాట్లాడిన క్యాసెట్ ఇంకొకటి ఉంది. తేమకు టేపు బూజు పడుతుంది. మీ ఇంటి అటక మీదా ఇలాంటివి ఉండొచ్చు. ముందు ఆ ప్లాస్టిక్ ముక్కలు విరవండి. తర్వాత, టేపు చెడకముందే, ఆ గొంతులను కంప్యూటర్‌లోకి ఎక్కించండి.