దేవరాష్ట్ర కుబేరుడు

మా మేనల్లుడు ఓడలో ఇంజనీరు. అలెగ్జాండ్రియాలో సరుకు దింపుతున్నప్పుడు తీరిక దొరికి కైరో మ్యూజియం చూసొచ్చాడు. విశాఖలో దిగగానే గాజువాకలో మా ఇంటికొచ్చి ఫొటోలు చూపించాడు. పక్కింటి చరిత్ర మాస్టారు కూడా చూస్తున్నారు.

రాతి సింహం. దట్టమైన జూలు, మధ్యలో మనిషి ముఖం. చేయించింది ఈజిప్టు రాజు మూడో అమెనెంహాత్. ఆరు వందల ఏళ్లకు రెండో రామ్సెస్ తన పేరు చెక్కించుకున్నాడు. తరవాత ఆయన కొడుకు మెర్నెప్తా. ఆ పైన సుసెన్నెస్ ఏకంగా రొమ్ము మీదే! చేయించినవాడి పేరు మాత్రం మిగల్లేదు, ముఖాన్నిబట్టి పోల్చుకున్నారు. నాకు ప్రాణం ఉసూరుమంది.

"ఒకడి బొమ్మ మీద ఇంకొకడి పేరేంటి మావయ్యా? మన రాజులు నయం" అన్నాడు వాడు.

"మన దగ్గరా ఉంది బాబూ" అన్నారు మాస్టారు. "అలహాబాద్ కోటలో 35 అడుగుల రాతి స్తంభం. కళింగలో రక్తం చూసి కుమిలిపోయిన అశోకుడు దాని మీద ధర్మం చెప్పాడు. ఆ ధర్మం కిందే, ఆరు వందల ఏళ్ల తరవాత, సముద్రగుప్తుడు తన దండయాత్రల గురించి హరిషేణుడి చేత పొగిడించుకున్నాడు. 1605లో జహంగీర్ తన వంశావళి చెక్కిస్తే అశోకుడి వాక్యాలు కొన్ని పూర్తిగా పోయాయి."

మావాడికి ఒళ్లు మండింది. "జహంగీర్ సంగతి అలా ఉంచండి. అశోకుడి రాయి మీద యుద్ధాల గొప్పలా? నాకే అధికారం ఉంటే ఆ గుప్తుడి రాతంతా గీకించేసేవాణ్ణి."

"మీదే ఊరు?"

"ఎలమంచిలి."

"ఎలమంచిలి ప్రాంతం ఒకప్పటి దేవరాష్ట్రంలోది. కశింకోట తామ్రశాసనంలో ఉందా మాట. సముద్రగుప్తుడు ఓడించి, పట్టుకుని, దయతలచి వదిలేశానని చెప్పుకున్న దక్షిణాది రాజుల్లో మీ రాజూ ఒకడు. దేవరాష్ట్ర కుబేరుడు. గీకిస్తే ఆయన పేరూ పోతుంది."

"పోతే ఏమైంది మాస్టారూ? ఆయన సొంత శాసనాలు ఇక్కడే ఉంటాయి కదా!"

"ఒక్కటీ దొరకలేదు బాబూ. ఆయనంటూ ఒకడున్నాడని చెబుతున్నది ఆ స్తంభమొక్కటే. అదీ ఆయన్ని ఓడించినవాడు రాయించింది."