గది కాదు, పేట చూసుకోవాలి

మా రోజుల్లో హైదరాబాద్‌కు తొలిసారి బయల్దేరేవాడికి పెద్దవాళ్లు చెప్పే మాట ఒకటే: "పని ఎక్కడుంటే ఆ చుట్టుపక్కలే దిగు." హైకోర్టు పనో, ఉస్మానియా ఆస్పత్రి పనో అయితే గౌలిగూడ బస్టాండు దగ్గర లాడ్జి. సెక్రటేరియట్ పనైతే నాంపల్లి. మా కర్నూలు వైపు వాళ్లకు రైలు దిగే కాచిగూడే సగం ఊరు.

ఆ లాడ్జీల్లో సుఖం అంతంతమాత్రమే. బకెట్టు వేణ్నీళ్లకు వేరే డబ్బులు. కానీ గుమ్మం పక్క బల్ల మీద పొడుగాటి రిజిస్టరుండేది. పేరు, ఊరు, వచ్చిన పని రాయాలి. ఆ చివరి గడి చదివి గుమాస్తా తలెత్తి, ఏ నంబరు బస్సెక్కాలో, ఎన్నింటికల్లా కదలాలో చెప్పేవాడు. మెట్లు దిగితే టిఫిను, మందుల షాపు, రిక్షా. కొత్తవాడికి ఇంకేం కావాలి?

ఇప్పుడో? ఫోన్లో తెల్లటి దుప్పటి, ఏసీ, ధర చూస్తారు, బుక్ చేసేస్తారు. అది ఊళ్లో ఏ మూలనుందో చూడరు. మొన్న మా తమ్ముడి కొడుకు, మా మరదల్ని పంజాగుట్టలో డాక్టరుకు చూపించాలని తీసుకొచ్చి, గచ్చిబౌలి అవతల దిగాడు. గది అద్దంలా ఉందట! మోకాళ్ల నొప్పుల మనిషి, ఆఫీసుల వేళ ట్రాఫిక్‌లో ఆటోలో నలిగిపోయి, తన నంబరు పిలిచి దాటిపోయాక చేరింది. మర్నాడు మళ్లీ అదే యాతన. నాంపల్లిలో దిగుంటే మెట్రోలో ఐదో స్టేషనే పంజాగుట్ట. ఈ మాట చెప్పడానికి ఇంట్లో పెద్దవాణ్ని నేనున్నాను. ఒక్క ఫోన్ చేస్తే ఏం పోయింది?

ఊరు మారిందంటారు. నిజమే. 1998లో సైబర్ టవర్స్ వచ్చాక ఉద్యోగాలు పడమటికి జరిగాయి. 2008లో విమానాశ్రయం బేగంపేట నుంచి శంషాబాద్‌కు పోయింది. కొన్ని రైళ్లు లింగంపల్లిలోనో, చర్లపల్లిలోనో ఆగిపోతున్నాయి. ఊరు ఇంత పరుచుకుంది కాబట్టే పేట ఎంపిక ఇప్పుడు మరీ ముఖ్యం.

మాధాపూర్‌లో ఇంటర్వ్యూ ఉంటే మాధాపూర్‌లోనే దిగండి, కాదనను. చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం చూడాలంటే మూసీకి దగ్గర్లో ఉండండి. మ్యూజియానికి శుక్రవారం సెలవని కూడా గుర్తుంచుకోండి. నాలుగు దిక్కులా పనులుంటే అమీర్‌పేట మేలు, రెండు మెట్రో లైన్లు అక్కడే కలుస్తాయి. ఎక్కడైనా సరే, స్టేషనుకు నడిచిపోయేంత దూరంలో ఉండాలి. రాత్రి పదింటికి కూడా వీధిలో మనుషులు తిరుగుతుండాలి, అన్నం దొరకాలి.

గదిలో మనం గడిపేది నిద్రపోయే నాలుగు గంటలే. మిగతా పొద్దంతా పేటలోనే. అందుకే బాబూ, ముందు ఊరి మ్యాపు చూడండి, ఆ ఊరెరిగిన పెద్దవాళ్లను ఒక్క మాట అడగండి. గది ఫొటో ఆ తర్వాత చూసుకోవచ్చు.